అందిందని చెప్పిన కబురు

నందిగామ క్లబ్బు వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈ వయసుకి చాలామందిని క్షమించాను గానీ, ఒక్క ఫుట్‌బాలు మ్యాచ్‌ని మూడుసార్లు వాయిదా వేసి మమ్మల్ని రోడ్ల మీద తిప్పినవాళ్లని క్షమించడం నావల్ల కాలేదు. ముందు అది రాస్తాను. దాని వెనక నేను చేసింది రాయడం కష్టం, అయినా రాయాలి.

అవి పందొమ్మిది వందల యాభైల చివరి రోజులు. నేను జగ్గయ్యపేటలో బోర్డు స్కూలు పంతుల్ని. బంతి తన్నడం నాకు ఏనాడూ రాలేదు. గీత పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరవడమే నా ఆట. దాంతోపాటు ఊరి బయట ఉండే ఆటగాళ్లకి మ్యాచ్ తేదీ చెప్పి రావడం కూడా నా పనే. ఎవరూ అప్పగించలేదు, నేనే అడిగి తీసుకున్నాను. ఏటా చలికాలం చివర మా క్లబ్బుకీ నందిగామ క్లబ్బుకీ కప్పు మ్యాచ్ జరిగేది, ఒక ఏడు మా ఊళ్లో, ఒక ఏడు వాళ్ల ఊళ్లో. ఆ ఏడు వాళ్ల వంతు.

చిక్కంతా చుట్టరికంలో ఉంది. అంతకు ముందు ఏడే మా ప్రెసిడెంటుగారు తన కూతుర్ని నందిగామ ప్రెసిడెంటుగారి కొడుక్కిచ్చారు. పిల్లనిచ్చినవాడు వియ్యంకుడి మాటకి ఎదురు చెప్పడు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు అది మర్యాదే. కానీ ఆ మర్యాదని పదకొండు మంది ఆటగాళ్లకీ, వాళ్ల వెనక తిరిగే మా బోటి వందమందికీ తగిలించారు. వాళ్లు తేదీ మార్చామంటే ఈయన తల ఊపేవారు.

మొదటిసారి వాళ్ల ప్రెసిడెంటుగారింట్లో ఏదో పెళ్లి. ఆ సంగతి మాకు నందిగామలో బస్సు దిగాకే తెలిసింది. రెండోసారి అమావాస్య. అమావాస్య నాడు కప్పు చేతికివ్వరాదని వాళ్ల ప్రెసిడెంటుగారికి ఎవరో చెప్పారట. ఆ పంచాంగమేదో తేదీ పెట్టే ముందే చూసుకోకూడదా అని నేను మా ప్రెసిడెంటుగారినే అడిగాను. ఆయన పక్కకి చూస్తూ, "మా బావగారి పట్టింపులు మనకెందుకయ్యా" అన్నారు.

మూడోసారి గ్రౌండు దాకా వెళ్లాం. గోలుపోస్టుల మధ్య ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అటు పోస్టు నుంచి ఇటు పోస్టు దాకా అడుగు పెట్టే చోటు లేదు. అవి ఎవరివో అడగనక్కర్లేదు, నందిగామ ప్రెసిడెంటుగారి పొలంవి. కాపలా ముసలాయన కర్ర అడ్డం పెట్టి, "తొక్కమాకండి బాబూ, ఇంకో నాలుగెండలు తగలాల" అన్నాడు. మేమంతా తుమ్ముకుంటూ నిలబడ్డాం. మావాడొకడు, "కప్పు బదులు తలా ఒక వీశె కాయలిచ్చి పంపమనండి తాతా" అన్నాడు. నవ్వాం గానీ, ఆ నవ్వుకే నా ఒళ్లు మండిపోయింది.

మూడుసార్లూ మాకంటే ముందు వచ్చి కూర్చున్నవాడు, గోలు ముందు కాపు కాసే మా బ్యాకు ఆటగాడు. పెనుగంచిప్రోలు క్రైస్తవుల పేటలో ఉండేవాడు. కూలిపని. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయన నన్ను "పంతులుగారూ, మీరు" అనేవాడు, నేను ఆయన్ని "నువ్వు" అనేవాణ్ని. అప్పట్లో అందులో తప్పుందని నాకు తోచలేదు. బూట్లు లేకుండా ఆడేవాడు. ఆయన ముందుకొస్తే ఎదుటివాడు బంతి వదిలేసి తప్పుకునేవాడు. మ్యాచ్ ఉందంటే ఆ రోజు చేలోకి పోకుండా, మైళ్లు నడిచి వచ్చేవాడు.

మిరపకాయల రోజున ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"పంతులుగారూ, కోతల రోజులు. పనిలోకి రాకపోతే మేస్త్రి ఇంకొకళ్లని పెట్టుకుంటన్నాడు. ఈసారి ఖాయమైతేనే కబురు చేయండి. మీరు చెప్తే వస్తా."

అలాగేనన్నాను.

తర్వాతి వారం శుక్రవారం మా ప్రెసిడెంటుగారు హోటలు ముందు బండి ఆపి, ఎల్లుండి ఆదివారం సాయంత్రం మ్యాచ్, ఈసారి ఖాయం అని చెప్పి వెళ్లిపోయారు. హోటల్లో ఒక్కడూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మనివాణ్ని నేను. శనివారం బడి ఒంటిపూటే. సైకిలు ఉంది. పెనుగంచిప్రోలు పోయి రావచ్చు. నేను పోలేదు. వాళ్ల తైతక్కలకి నేనెందుకు ఎండలో తొక్కాలి, ఎలాగూ మళ్లీ మారుస్తారు అని, ఆ పూటంతా హోటల్లోనే కూర్చుని నందిగామ వాళ్లని తిట్టాను. తిడుతుంటే పని చేస్తున్నట్టే అనిపించింది.

ఆదివారం లారీలో వెళ్లాం. గ్రౌండు ఊడ్చి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి ఉంది. కుర్చీలు వేసి ఉన్నాయి.

బ్యాకు చోట రైసుమిల్లు గుమాస్తాని నిలబెట్టారు. పాపం, ఆయన పరిగెత్తితే పంచె అడ్డం పడేది. సగం ఆటకే మా మీద మూడు గోలులయ్యాయి. మా కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. ముఖమంతా చెమట.

"కబురు అందిందా ఆయనకి?"

"అందింది" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తిరుగు లారీలో మాట పుట్టింది. మిరపకాయల రోజు తర్వాత ఆయన ఒక్కడే నందిగామలో కనిపించాడని ఒకడన్నాడు. వాళ్ల క్లబ్బు మనిషితో మాట్లాడుతున్నాడని ఇంకొకడు కలిపాడు. బంట్రోతు ఉద్యోగం ఇప్పిస్తామన్నారట అనేసరికి అందరికీ నమ్మకం కుదిరిపోయింది. ఆయన నందిగామ వెళ్లింది తాలూకాఫీసుకి, ఇంటి స్థలం కాగితం కోసం. మా లారీలో అది ఎవరికీ అక్కర్లేదు. మిల్లు గుమాస్తా రాకపోయుంటే జ్వరమొచ్చిందేమో అనుకునేవాళ్లం. కూలివాడు, పేటవాడు రాకపోతే అమ్ముడుపోయాడన్నాం. నేనూ అన్నాను. గొంతు కలపకపోతే నా మీదికి వస్తుందని భయపడి, రెండు మాటలు ఎక్కువే అన్నాను.

ఆ వారమే కమిటీ కూర్చుంది. ఆయన్ని జట్టులోంచి తీసేశారు. ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగి, "కబురు అందిందన్నావుగా పంతులూ?" అని అడిగారు. తల ఊపాను. వియ్యంకుడి ముందు ఈయన ఊపే తలని చూసి ఇన్నాళ్లూ ఎంత వెటకారం చేశానో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం, చర్చి అయ్యాక ఆయన మా గ్రౌండుకి వచ్చాడు. మ్యాచ్ ఎప్పుడు ఖాయమైందో కనుక్కోవడానికి. అయిపోయిందన్న సంగతే తెలియదు. మావాళ్లు అనరాని మాటలన్నారు. ఉద్యోగంలో ఎప్పుడు చేరతావని అడిగారు.

"నాకు కబురు రాలేదండి" అన్నాడు, నన్ను చూసి.

అందరూ నన్ను చూశారు. బస్సు కండక్టరుతో పంపానన్నాను. ఇది రెండో అబద్ధం. ఆయన నా ముఖంలోకే చూసి, "అయితే దార్లో ఎక్కడో పడిపోయుంటదిలెండి" అని వెళ్లిపోయాడు. నన్ను కాపాడాడనుకున్నాను. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

చెప్పేద్దాం అని రోజూ అనుకునేవాణ్ని. పరీక్షలయ్యాక అనుకున్నాను, వానలు తగ్గాక అనుకున్నాను. వాయిదాలు వేసేవాళ్లని తిట్టిన నేను దీన్ని మూడేళ్లు వాయిదా వేశాను. చివరికి ఒక మధ్యాహ్నం సైకిలు వేసుకుని పెనుగంచిప్రోలు పోయాను. మున్నేటి ఒడ్డున ఒక మిరపచేలో కోస్తున్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను. మొదటిసారి "మీరు" అన్నాను.

ఆయన కోయడం ఆపలేదు.

"నాతో చెప్తే ఏం లాభమండి? నాకు తెలియందా? నేనేమైనా అమ్ముడుపోయానని నాకు నేను అనుకున్నానా? అక్కడ చెప్పండి. గ్రౌండులో."

తర్వాతి కప్పు మ్యాచ్ మా ఊళ్లోనే. ఈసారి నేనే వెళ్లి కబురు చెప్పాను. ఆయన వచ్చాడు. మ్యాచ్ వాయిదా పడింది. నందిగామ ప్రెసిడెంటుగారికి నడుం నొప్పట. ఖాళీ గ్రౌండులో ఇద్దరం నిలబడ్డాం.

"మళ్లీ ఎప్పుడంట?" అన్నాడు.

వచ్చే ఆదివారమన్నాను. ఆ శనివారం మళ్లీ వెళ్లి చెప్పొచ్చాను.

ఆదివారం రెండు జట్లూ దిగాక, వియ్యంకులిద్దరూ కుర్చీల్లో కూర్చున్నాక, గీత దాటి లోపలికి నడిచాను. ఆయనకి కబురు నేను చేయలేదనీ, అందిందని నేను అబద్ధం చెప్పాననీ, మూడేళ్లుగా దాచాననీ చెప్పాను. మా కెప్టెన్ నేల చూశాడు. ఎవరో "ఇప్పుడెందుకయ్యా ఆ సోది" అన్నారు. ప్రెసిడెంటుగారు వియ్యంకుడి వైపు ఒకసారి చూసి, "సరే సరే, ఆట మొదలెట్టండి" అన్నారు. అంతే. ఆయన్ని ఆటలోకి రమ్మని ఒక్కరూ పిలవలేదు. ఆ పిలవనివాళ్ల మీద కోపం ఇంకా ఉంది. ఆ జాబితాలో నా పేరు ముందుండాలని కూడా తెలుసు.

ఆయన కార్నరు జెండా దగ్గర నిలబడి అంతా విన్నాడు. విజిల్ పడింది. ఆట చూడకుండా, తలగుడ్డ దులిపి చుట్టుకుని, పెనుగంచిప్రోలు దారి పట్టాడు. రేపు కోతకి పోవాలి కదా.