మగ్గాల మోతలో పెరిగిన పిల్ల

షిఫ్టు పన్నెండు గంటలు. అందులో ఆమె నోటినుంచి వచ్చే మాటలు ఇరవై దాటవు. మరమగ్గాల షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి బోర్లించి కిందికి నొక్కితే మగ్గం ఆపమని. ఎవరినైనా పిలవాలంటే వెనకనుంచి వెళ్లి భుజం మీద గట్టిగా ఒక్కటి చరుస్తారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఉలిక్కిపడతారు. రెండో వారం వాళ్లూ చరుస్తారు.

ఎనిమిది మగ్గాలు ఒక్కతే చూసుకుంటుందని ఆమెను అందరూ ఎనిమిదక్క అంటారు. భర్త అదే షెడ్డులో ఫిట్టరు. పద్నాలుగేళ్లుగా ఇద్దరిదీ అక్కడే పని. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మోత వదలదు, మాట్లాడే ఓపికా ఉండదు. ఆయన బొటనవేలు నోటికి చూపిస్తే ఆమె మంచినీళ్లిస్తుంది. పోట్లాట కూడా సైగలతోనే తేలిపోతుంది. ఆ ఇంట్లో నోరు లేచిన చప్పుడు ఏనాడూ వినని పక్కింటివాళ్లు, ఎంత అన్యోన్యమో అనుకుంటారు.

వాళ్ల కూతురికి ఐదేళ్లు. చెవులు పరీక్ష చేయించారు, బాగున్నాయి. ‘పాలు’, ‘వద్దు’, ‘అమ్మా రా’, అంతవరకే వచ్చు. ఆ వయసు పిల్లలు ‘అన్నం తిన్నాక ఆడుకుంటా’, ‘నువ్వు తిడతావని చెప్పలేదు’ అంటూ ఒక మాటకు ఇంకో మాట కలుపుకుంటూ పోతారు. ఈ పిల్లకు ఆ అవసరం రాలేదు. పగలు చూసుకునే నానమ్మ, మనవరాలి కన్ను ఎటు తిరిగితే అటు పళ్లెం జరిపేది.

వేసవికి ముందు, పాప వెళ్లే శిశుతరగతి బడి నుంచి పిలుపొచ్చింది. పాప తోటి పిల్లల్ని కొడుతోందట.

“ఇంట్లో మీరు మాట్లాడుకుంటారా అమ్మా?” అని టీచరు అడిగింది.

“మాట్లాడుకుంటాం మేడమ్.”

“ఏం మాట్లాడుకుంటారు?”

ఎనిమిదక్క అలవాటుగా సైగ చేయబోయి చేయి దించేసుకుంది.

నెలాఖరులో పరీక్ష పెడతామని టీచరు చెప్పింది. నెగ్గితే ఒకటో తరగతి. లేకపోతే వెనకబడ్డ పిల్లల విభాగం. అది వేరే భవనంలో ఉంటుంది. అందులోకి వెళ్లి తిరిగొచ్చిన పిల్లలు తక్కువ.

“వాడికి నాలుగేళ్లొచ్చేదాకా మాట లేదు,” అంది అత్తగారు, కొడుకును చూపిస్తూ. “ఇప్పుడు ఎంత పెద్ద మగ్గమైనా బాగుచేస్తున్నాడు.”

“మగ్గానికి మాటలెందుకు అత్తయ్యా,” అంది కోడలు.

ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. నమూనా సరిగ్గా పెడితే గుడ్డ సరిగ్గా వస్తుంది. పొడుగు వాక్యాలు ఎనిమిది ఎంచుకుని కాగితం మీద రాసుకుంది. ‘నేను కూడా మీతో ఆడుకోవచ్చా?’, ‘నా బొమ్మ విరిగిపోయింది కాబట్టి నాకు బాధగా ఉంది’, ఇలాంటివి. షిఫ్టు దిగి కాళ్లు కడుక్కోగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. తొమ్మిది రోజుల్లో ఎనిమిదీ నోటికొచ్చాయి.

“చిలకలా పలుకుతోందే,” అని నానమ్మ మెటికలు విరిచింది. ఫిట్టరు వచ్చినవాళ్లందర్నీ సైగ చేసి పిలిచి మరీ వినిపించాడు.

పరీక్షరోజు సెలవు పెట్టి ఎనిమిదక్క గదిలో వెనక బల్ల మీద కూర్చుంది. టీచరు ఒక బొమ్మ చూపించింది. మెట్ల మీద పడి ఏడుస్తున్న పిల్లవాడు.

“ఈ బాబు ఎందుకేడుస్తున్నాడమ్మా?”

“నా బొమ్మ విరిగిపోయింది కాబట్టి నాకు బాధగా ఉంది.”

తప్పు లేకుండా వచ్చినందుకు తల్లి తల ఊపింది.

“నీ బొమ్మా? ఏ బొమ్మ?”

పాప తల్లివైపు చూసింది. తర్వాత, “నేను కూడా మీతో ఆడుకోవచ్చా?” అంది.

ఇంకో రెండు బొమ్మలకూ వరసలో మిగిలిన వాక్యాలే వచ్చాయి. టీచరు ప్రశ్నలు ఆపి పాపను, చెక్క దిమ్మలతో ఆడుతున్న ఇద్దరు పిల్లల దగ్గరికి పంపింది. పాప కాసేపు వాళ్ల వెనక నిలబడింది. తర్వాత ఒకమ్మాయి భుజం మీద గట్టిగా చరిచింది. ఆ పిల్ల గొల్లుమంది. టీచరు కలం తీసి రాసుకుంది.

ఎనిమిదక్క లేచి నిలబడింది. “కొట్టలేదు మేడమ్. పిలిచింది.”

“పిలవడమా?”

“మా షెడ్డులో అలాగే పిలుస్తాం. పాలు తాగే వయసులో దీన్ని అక్కడే మూల పడుకోబెట్టేదాన్ని. ఇంట్లో కూడా మేం అంతే, చేతులతోనే.”

టీచరు కలం పక్కన పెట్టింది. “ఇన్నాళ్లూ కొడుతోందనే రాశాను. అది దిద్దుతాను. మరి ఆ వాక్యాలు ఎవరు నేర్పారు?”

“నేనే.”

“అవి లేకపోతే పాపకు సొంతంగా ఏమొచ్చో తెలిసేదమ్మా. ఇప్పుడు నేనేం మార్కులు వెయ్యను?”

పదికి రెండు మార్కులు వేసింది. మళ్లీ పరీక్ష ఆరు నెలల తర్వాతే. అప్పటిదాకా వేరే విభాగం. బట్టీలొద్దు, పిల్ల అడిగేదాకా ఏదీ అందించొద్దు, తను చెబుతుంటే మధ్యలో అందుకోవద్దు, రోజూ కూర్చుని కబుర్లు చెప్పమని టీచరు చెప్పింది. బయటికొచ్చాక ఏం కబుర్లు చెప్పాలో అడగలేదని ఎనిమిదక్కకు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లడానికి సిగ్గేసింది.

మర్నాడు మేస్త్రీ దగ్గరికెళ్లి మడతల గదికి మార్చమంది. నేసిన గుడ్డను చూసి మడతపెట్టే గది అది. మిల్లులో మనిషి గొంతు వినపడేది అక్కడొక్కచోటే.

“నువ్వా? ముసలాళ్ల గది కదే అది. పనితనమంతా ఏం చేసుకుంటావ్?”

“అక్కడ నలుగురూ కబుర్లు చెప్పుకుంటారు కదన్నా. నాకూ అలవాటవ్వాలి. ఇంటికెళ్లేసరికి నా దగ్గర నాలుగు మాటలు మిగలాలి.”

“మాటలు మిగలడానికి అవేమన్నా బియ్యమా?”

ఆమె నవ్వలేదు. మేస్త్రీ టోపీ తీసి తల గోక్కున్నాడు.

“సరే. ఆ ఎనిమిదీ చూసుకునే మనిషిని నువ్వే తయారుచెయ్యి. అప్పుడు వెళ్లు.”

సోమవారం నుంచి ఒక కొత్తమ్మాయి ఆమె పక్కన నిలబడుతోంది. చేయి తిరగడానికి ఎవరికైనా నాలుగు నెలలు పడుతుంది. పాప పరీక్షకు ఉన్నవి ఆరే.