దేశాల ఇస్కూళ్ళు చూసే బెట్సీ మేడం

అదే మరి, ప్రొఫెసరంటే గంటలకొద్దీ చెప్పుకుపోయే మనిషనుకుంటారు మీరు. మన భాలుబాసా వీధి బెట్సీ మేడం అలాగ కాదండి. నోరు తెరిస్తే అడగడమే. చిన్నప్పుడూ అంతే. నాన్న సవరయ్య ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఇక్కడి కంపెనీలో క్రేను నడిపీవోడు. రోడ్డుకి ఈ పక్క తెలుగు ఇస్కూలు, ఆ పక్క హిందీ ఇస్కూలు. ప్రశ్న అడిగిన పిల్లని ఇక్కడ మెచ్చుకునీవోరు, అక్కడ బెంచీ ఎక్కించీవోరు. "ఎందుకు నాన్నా?" అని ప్రాణం తీసీసేది. "నాకేటి తెలుసమ్మా, ఎళ్ళి చూసుకో" అన్నాడాయన.

నిజంగానే ఎళ్ళి చూసుకుంది. జపాను, కెన్యా, ఫిన్లాండు. ఏ దేశంలో చదువు ఎలాగ చెప్తన్నారు, వాళ్ళకీ మనకీ తేడా ఏటి అని పోల్చడమే ఆవిడ ఉద్యోగం. దానికో పెద్ద పేరుంది గాని మన వీధిలో ఎవరికీ నోరు తిరగదు. "ఇన్స్పెక్టరా ఏటమ్మా?" అని అడిగితే నవ్వీసి, "కాదు, ఎనక బెంచీ పిల్లని" అంటాది. ఏ దేశమెళ్ళినా ఎనక బెంచీలోనే కూకుంటాది. టీచర్ని చూడదు, పిల్లల మొహాలు చూత్తాది. కెన్యా పిల్లలు ఇంటి భాష వదిలీసి క్లాసులో ఎందుకు బిగుసుకుపోతారో పుస్తకమే రాసింది.

అంత చూసిన మనిషి ఇంట్లోది చూసుకోలేదు.

తమ్ముడు నోయల్ కూతురు స్టెఫీ రెండో క్లాసు. ఇంగ్లీషు ఇస్కూలు. పిల్ల నోరు విప్పట్లేదు, ఇలాగైతే అదే క్లాసులో ఉంచీత్తామన్నారు. తల్లి త్రేసమ్మ ఆడపడుచు మీద పడిపోనాది. "లోకమంతా ఇస్కూళ్ళు చూసొచ్చావు కదా వదినా, మన పిల్ల ఇస్కూలుకి దారి తెలీదా నీకు?"

బెట్సీ ఎళ్ళింది. ఎనక బెంచీ. తనుశ్రీ టీచరు ఇంగ్లీషులో అడిగింది, ఎగరలేని పక్షి ఏదీ అని. స్టెఫీ పెదాలు కదిలాయి, మూసుకున్నాయి.

ఆ సాయంత్రం అన్నం కాడ బెట్సీ అడిగింది. "ఎగరలేని పక్షి ఏటే?"

"శుతుర్‌ముర్గ్, బువా! ఇత్‌నా భీ నహీ పతా?"

నిప్పుకోడి, ఆ మాత్రం తెలీదా అత్తా, అంటంది. సరిగ్గానే చెప్పింది. బెట్సీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తను అడిగింది తెలుగులో, పిల్ల చెప్పింది హిందీలో. రోజూ జరిగేదే. ఈ ఊళ్ళో మన తెలుగోళ్ళ ఇళ్ళన్నిట్లోనూ అంతే కదండీ, ఒక భాషలో వింటారు, ఇంకో భాషలో చెప్తారు, అదొక వింతని ఎవరికీ తోచదు. ఇస్కూల్లో పిల్ల ఇంగ్లీషులో వింటంది. హిందీలో చెప్దామంటే తప్పు. ఇంకేటి చేత్తాది, ఊరుకుంటాది.

మర్నాడు హెడ్మాస్టరు ప్రేమ్‌కుమార్ గారి దగ్గరికెళ్ళింది. "కొన్నాళ్ళు ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి సార్. తెలిసిందా లేదా అన్నదే చూడండి."

"పిల్లల అమ్మానాన్నలు నన్ను బతకనిత్తారా మేడం? సోమవారంలోగా ఆ క్లాసు ఇళ్ళన్నిట్లోనూ ఊఁ అనిపించండి. ఒక్కరు కాదన్నా, పాత పద్ధతే."

ఇల్లిల్లూ తిరిగింది. "మీ పిల్లాడు ఏ భాషలో జవాబు చెప్తాడమ్మా?" అంటే సగం మందికి తెలీదు. ఒకావిడ "ఉండండి" అని కొడుకుని పిలిచి, తెలుగులో అడిగి, వాడు హిందీలో చెప్పీసరికి తనే పడీపడీ నవ్వింది. అందరూ ఊఁ అన్నారు. పర్సుడీహ్‌లో ఉండే పైడిబాబొక్కడు మిగిలాడు. "హిందీ వీధిలోనే వచ్చీత్తాది కదండీ, దానికి ఇస్కూలెందుకు?" అన్నాడు ఫోన్లో. "ఇంటికి రండి, మాటాడుకుందాం."

ఆదివారం ఎళ్ళింది. భార్య కల్యాణి గుమ్మంలోనే పెదాల మీద వేలు పెట్టింది. నైట్‌షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడట. ఈ ఊళ్ళో ఏ తలుపైనా కొట్టొచ్చు గాని, నైట్‌షిఫ్టు మనిషి పడుకున్న తలుపు కొట్టకూడదు. పాలవాడు కూడా గిన్నె గుమ్మంలో పెట్టీసి పోతాడు.

"నువ్వు ఊఁ అంటే చాలదా అమ్మా?" అంది బెట్సీ గుసగుసగా.

"నేననీసి, తరవాత తిట్లెవరు తింటారు మేడం? లేపీమంటే లేపుతాను గాని..."

లోపల గుర్రు వినిపిస్తోంది. మంత్రుల్ని నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి ఆ తలుపు కేసి చూసింది.

"వద్దులే. ఎప్పుడు లేత్తాడు?"

"లేచీసరికి మళ్ళీ డ్యూటీ టైమే."

బెట్సీ చెప్పులేసుకుని మెట్లు దిగింది. తెల్లారితే సోమవారం. పైడిబాబు కాదనలేదు. ఊఁ అనీ అనలేదు. ఇది అందరూ ఒప్పుకున్నట్టా, ఒకరు కాదన్నట్టా అన్నది ఇక హెడ్మాస్టరు గారే తేల్చాలి.