అత్తయ్య కుట్టిన పేజీలు

ఆ రోజు పొద్దున కాఫీ చల్లారేలోపు అత్తయ్య ఒక నవలను నూట పన్నెండో పేజీ నుంచి నూట ఇరవై ఒకటో పేజీ దాకా కుట్టేసింది.

కుట్టడమంటే బైండింగు కాదు. పేజీల బయటి అంచు వెంట సన్నసూదితో, టైలర్లు కోటుకు ముందుగా వేసుకునేలాంటి పొడుగు పొడుగు కచ్చాకుట్టు. చివర ముడి వెయ్యదు, దారాన్ని తోకలా వదిలేస్తుంది. పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొస్తుంది. లాగనివాళ్ళకు ఆ పది పేజీలూ లోకంలో లేనట్టే. చదివే పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు, సూదీదారం పిచ్చి ఉన్నవాళ్ళూ ఉంటారు. రెండు పిచ్చుల్నీ ఒకే పుస్తకం మీద ప్రయోగించిన మనిషి మాత్రం, మేనకోడలికి తెలిసినంతలో, తన మేనత్త ఒక్కతే.

ఆ మేనకోడలు వంటింటి గుమ్మంలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఇదంతా చూసింది. డబ్బాకు మూత పెట్టడం మరిచిపోయింది. ఎందుకంటే ఆ నవల అత్తయ్యది కాదు, లైబ్రరీది. మేనకోడలు పనిచేసేది ఆ లైబ్రరీలోనే. ఆ ఉద్యోగం కోసమే ఊరు మారి అత్తయ్య ఇంట్లో ఉంటోంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ నెలాఖరుకు ఒక సంతకం పడాలి. ఆ సంతకం పెట్టవలసిన మనిషి, పేజీ మూల మడిచాడని ఒక పాఠకుణ్ణి వీధి చివరిదాకా తరిమిన ఘనుడు.

"అత్తయ్యా, అది లైబ్రరీ పుస్తకం."

"తెలుసే. అందుకే మంచి దారం వాడాను."

అత్తయ్యతో వాదన ఎప్పుడూ ఇలాగే, మొదలవకుండానే అయిపోయేది.

ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోబోయినా ముందు చేత్తో తడిమి చూసుకోవాలి. అత్తయ్య చదువుతున్న పుస్తకంలో గుర్తుకు సూది పెట్టి, ఆ పుస్తకాన్ని ఎక్కడ పడితే అక్కడ బోర్లించి వెళ్ళిపోతుంది. మావయ్య రిటైరైన బస్సు డ్రైవరు. ఉద్యోగం చేసినంతకాలం ఒక్క యాక్సిడెంటు లేదు. రిటైరయ్యాక సోఫా మీద నాలుగు జరిగాయి.

స్వెటర్ల సంగతి వేరే చెప్పుకోవాలి. అత్తయ్య చదువుతూనే అల్లుతుంది. ఎదురుగా స్టాండు మీద పుస్తకం, ఒళ్ళో ఊలు ఉండ. కథ బిగిస్తే అల్లిక కూడా బిగుస్తుంది. మావయ్య బూడిదరంగు స్వెటర్‌కు కుడి చెయ్యి సంచిలా వదులు, ఎడమ చెయ్యి బ్యాండేజీలా బిగుతు. కుడి చెయ్యి అల్లుతున్నప్పుడు నవలలో పెళ్ళి జరుగుతోంది. ఎడమ చేతికి వచ్చేసరికి హంతకుడు తలుపు వెనక నిలబడ్డాడు.

"వాణ్ణి ఇంకో పది పేజీల ముందు పట్టుకునుంటే నా వేళ్ళకు రక్తం ఆడేది" అంటాడు మావయ్య, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ.

కాబట్టి ఇంటిల్లిపాదీ తేల్చిన విషయం ఏమిటంటే, అత్తయ్య ఉత్త పిరికిది. కష్టాలు, చావులు చదవలేదు. అలాంటి పేజీ వస్తే గబుక్కున కుట్టేసి, గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుంటుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. అత్తయ్య ఏనాడూ కాదనలేదు. "అవునమ్మా, నాకు ధైర్యం తక్కువ" అని ఒప్పేసుకుని సూదిలో దారం ఎక్కించుకునేది.

ఇక లైబ్రరీ సంగతి. సంతకం పెట్టవలసిన ఆ పెద్దాయనను సిబ్బంది చాటున నిశ్శబ్దం సార్ అంటారు. ఎవరైనా దగ్గితే, గోడ మీద 'నిశ్శబ్దం' అని ఉన్న బోర్డును బెత్తంతో కొడతాడు. ఆ చప్పుడుకు దగ్గినవాడికి తుమ్ము కూడా వస్తుంది. అలాంటి మనిషి చేతికి ఒకనాడు కుట్టిన పుస్తకం దొరికింది. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాడు గోడ మీద కొత్త నోటీసు వెలిసింది. పుస్తకాల పేజీలు చింపరాదు, మడవరాదు, గీతలు గీయరాదు, కుట్టరాదు. వచ్చినవాళ్ళు మొదటి మూడూ మామూలుగా చదివి, నాలుగో దాని దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివేవాళ్ళు.

దొంగను పట్టుకునే పని ఆయన అప్పజెప్పింది మేనకోడలికే. అందరిలోకీ ఆమె కళ్ళు చురుకట. దొరికినవాడి కార్డు రద్దు అన్నాడు. లోపలివాళ్ళ సాయం ఉందని తేలితే ఆ లోపలివాళ్ళు బయటికే అన్నాడు. మేనకోడలు తల ఊపింది. గొంతులో వెలక్కాయ పడ్డవాళ్ళు అంతకన్నా ఏం చెయ్యగలరు.

సార్ స్వయంగా కూడా పరిశోధన మొదలుపెట్టాడు. భూతద్దం తెచ్చి కుట్లు చూశాడు. ఇంత సమంగా పడ్డాయంటే ఇది చెయ్యి తిరిగిన డాక్టరు పని అని తేల్చాడు. రోజూ పేపరు చదువుకోవడానికి వచ్చే కళ్ళ డాక్టరు ఎదురుగా కూర్చుని, పాపం ఆయన వేళ్ళకేసే రెండు పూటలు చూశాడు. మూడో పూట డాక్టరు పేపరు మడిచి, "మీకు చూపేమన్నా తేడాగా ఉందా, ఒకసారి క్లినిక్కు రండి" అని చెప్పి వెళ్ళాడు.

మేనకోడలు తన దారి తాను చూసుకుంది. అత్తయ్య వాపసు చేసిన పుస్తకాలన్నిటినీ ముందుగా స్టోర్‌రూములోకి తీసుకుపోయి, తలుపు గడియ పెట్టి, చిన్న కత్తెరతో కుట్లు విప్పేసేది. నీలం, గోధుమ, ఎరుపు దారాలన్నీ హ్యాండ్‌బ్యాగులో కుక్కుకునేది. బయట చెప్పుల చప్పుడైతే చాలు, గబుక్కున బ్యాగు జిప్పు లాగేసేది. రాత్రిళ్ళు కలలో సార్ ఆమె బ్యాగులోంచి దారం లాగుతుంటే అది ఎంతకీ తెగకుండా వస్తూనే ఉండేది.

ఇంట్లో బతిమాలింది. అత్తయ్య బుద్ధిమంతురాలిలా సరే మానేస్తానంది, మర్నాడు ఇంకో పుస్తకం కుట్టింది. మేనకోడలు ఇల్లంతా గాలించి సూదులన్నీ దాచేసింది. మావయ్య ఒక పూట హాయిగా, తడుముకోకుండా కూర్చున్నాడు. అదొక్కటే లాభం. సాయంత్రానికి అత్తయ్య పక్కింట్లో సూది అరువు తెచ్చుకుంది.

కాఫీ చల్లారేలోపు నీలం దారంతో కుట్టిన ఆ నవల కూడా అలాగే స్టోర్‌రూముకు వెళ్ళింది, కుట్లు విప్పించుకుంది, అల్మరాలోకి చేరింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, నెలాఖరున, సార్ కౌంటరు దగ్గరికి మేనకోడలి ఫైలు తెచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. మేనకోడలు ఆ పెన్ను కొసనే చూస్తోంది. సరిగ్గా అప్పుడే ఎదురు వీధి బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో లోపలికొచ్చి, నీలం దారం ఊడిన నవలను ఫైలు పక్కన పెట్టింది.

"సార్, మీరే ఉన్నారు, మంచిదైంది. ఈ పుస్తకం కుట్టకుండా ఇచ్చేశారేంటి?"

సార్ పెన్ను గాల్లో ఆగింది. "కుట్టకుండానా?"

"ఎప్పుడూ కుట్టే ఇస్తారుగా. మా ఆయన సరుకుల ఓడ మీద పనిచేస్తాడు సార్. ఎప్పుడో గాని ఫోను రాదు. నాకేమో చదవకపోతే తోచదు, చదివితే సముద్రం కథలే కావాలి. ఏం చెయ్యమంటారు, నా ఖర్మ. నీలం దారం కనబడితే అక్కడ ఓడకేదో అయిందని తెలుసుకుని అవతలి పేజీకి పోతాను. దీంట్లో దారం లేదు. ఏం ఫర్వాలేదనుకుని చదువుకుంటూ పోయాను. నూట పదిహేనో పేజీలో మునిగింది."

"ఏది?"

"ఓడ, సార్. పొద్దున్నుంచి చేతులాడట్లేదు. రెండు ట్రేల బన్నులు మాడ్చాను."

ఈ ఏర్పాటు సంగతి ఆమెకు ఎవరు చెప్పారని సార్ అడిగాడు. రొట్టె కొనడానికొచ్చే ఒక పెద్దావిడ చెప్పిందట, భయస్తులైన పాఠకుల కోసం లైబ్రరీలో ఇలాంటి సదుపాయం ఉందని. ఏ పుస్తకం సిద్ధంగా ఉందో కూడా ఆవిడే వచ్చి చెబుతుందట. ఇంత శ్రద్ధగల లైబ్రరీని తానెక్కడా చూడలేదని బేకరీ ఆవిడ సార్‌కు దణ్ణం పెట్టినంత పని చేసింది. ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక పాఠకురాలు సార్‌ను మెచ్చుకోవడం అదే మొదలు. దేనికి మెచ్చుకుంటోందో విని, ఆ మొహం నవ్వబోయి, మానుకుని, మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయింది.

మేనకోడలికి నోరు మూసుకుని ఊరుకునే వీలుంది. పెద్దావిడ ఎవరో బేకరీ ఆవిడకు పేరు కూడా తెలీదు. సంతకానికి, కాగితానికి మధ్య జానెడు దూరం కూడా లేదు. కానీ బేకరీ ఆవిడ ఇంకా ఆ పేజీల అంచున దారం కోసం తడుముతోంది.

"కుట్టింది మా అత్తయ్య, సార్" అంది మేనకోడలు. "విప్పింది నేను."

హాలులో ఎవరో దగ్గారు. సార్ బోర్డు కొట్టలేదు. పెన్నుకు మూత పెట్టాడు, ఫైలు మూశాడు. సాయంత్రం ఇంటికొస్తానని, అత్తయ్యను ఎక్కడికీ వెళ్ళకుండా ఉండమని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తూ చెయ్యాల్సినవన్నీ లెక్కపెట్టుకుంది. ఉద్యోగం పోయినట్టే. పెట్టె సర్దుకోవాలి, ఇంటికి ఫోను చేసి చెప్పాలి. ఆ కంగారులోనే మేనకోడలికి ఒక మామూలు సంగతి తట్టింది. రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఏ పేజీ కుట్టాలో తెలియాలంటే ముందు ఆ పేజీ ఎవరో ఒకరు చదవాలి. ఆ ఇంట్లో ఓడలన్నీ ఆఖరి పలక మునిగేదాకా చదివింది అత్తయ్యే. వెనక నుంచి సైకిలు బెల్లు మోగితే గానీ ఆమె కదల్లేదు.

అత్తయ్య సంగతంతా విని, ఉద్యోగం మాట వచ్చేసరికి మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది.

"నాకోసం కుడుతున్నానని మీరంతా నవ్వుకుంటుంటే పోన్లే అనుకున్నాను. ఆ బేకరీ పిల్ల ఒకరోజు ఏడుస్తూ రొట్టె కట్టిచ్చింది. ఏమైందంటే నవల చదివిందిట. చదవడం మానెయ్యమంటే మానుతుందా? నేనైతే మానను."

"మరి గోధుమరంగు దారం?"

"బడి ముందు పెన్సిళ్ళమ్మే తాత. ఆయనకు కథలో కుక్క చావకూడదు."

మేనకోడలు కుర్చీలో కూలబడింది. రెండు వారాలుగా స్టోర్‌రూములో గడియ పెట్టుకుని తాను ఎన్ని కుక్కల్ని చంపిందో లెక్క తేలలేదు.

మావయ్య ఆ సాయంత్రం సోఫా అంతా మూడుసార్లు తడిమి, దులిపి, సార్ రాగానే అక్కడ కూర్చోమన్నాడు. సార్ మర్యాదకు పోయి పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగా లేచాడు. లేచి, సూది తీసి, దాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ బిరుదు ఊరికే రాలేదని మావయ్యకు అప్పుడు తెలిసింది.

సోఫాలోకి మారాక సార్ గొంతు సవరించుకున్నాడు. "ఏ పేజీ చదవాలో, ఏది మానాలో పాఠకుడి ఇష్టమమ్మా. మధ్యలో మీరెవరు?"

"అందుకే ముడి వెయ్యనండీ" అంది అత్తయ్య.

మేనకోడలు గోడకు ఆనుకుని నిలబడి చీర కొంగును తాడులా పేనుతోంది. సార్ సంచి తెరిచి ఒక లావుపాటి నవల తీశాడు. అది లైబ్రరీది కాదని, సొంతానికి కొన్నదని, కావాలంటే బిల్లు కూడా ఉందని ముందే చెప్పాడు.

"మా అమ్మకు గురువారం గుండె ఆపరేషను. పుస్తకం లేకుండా ఆసుపత్రిలో పూటయినా ఉండదు. పట్టుబట్టి ఇదే కావాలంది." ఆయన గొంతు తగ్గింది. "ఇందులో డాక్టరున్నాడు."

"మంచివాడేనా?"

"సగం దాకా."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని అక్కడక్కడా తిరగేసింది. ఒకచోట ఆగి, కనుబొమలు ముడిచి, నాలుగు పేజీలు చదివింది. ఒళ్ళోని ఊలు పిడికిట్లో నలిగింది. సార్ వాళ్ళమ్మకు ఏ రంగు ఇష్టమో అడిగింది. సార్ ఆలోచించాడు. లైబ్రరీలో ఏ పుస్తకం ఏ అల్మరాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, చాలాసేపటికి, బహుశా ఆకుపచ్చేమో అన్నాడు. అత్తయ్య దారాల డబ్బాలో ఆకుపచ్చ వెతకసాగింది.

గేటు దాకా సాగనంపడానికి మేనకోడలు వెంట వెళ్ళింది. సార్ చెప్పులు తొడుక్కుంటూ, తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఇకమీదట లైబ్రరీ పుస్తకాల కుట్లు విప్పకు. అది పుస్తకం పాడుచెయ్యడం కిందికి వస్తుంది."

"అలాగే సార్."

"రేపు రాగానే నీ ఫైలు పట్రా. సంతకం మిగిలిపోయింది."

అత్తయ్య బుధవారం సాయంత్రానికి నవల కుట్టి ఇచ్చేసింది. ఆ రెండు రోజుల్లో అల్లిన మేజోడు మావయ్య పాదానికి ఎక్కలేదు. నవల మొత్తం మూడు వందల పది పేజీలు. సార్ వాళ్ళమ్మ చదువుకోవడానికి మిగిలినవి తొంభై ఆరు.