మొదటి పార్టు ట్రైనింగ్

కంప్యూటర్ ఆటలో నన్ను ట్రైనీగా పెట్టారని చిన్నప్పుడు ఒక వేసవంతా నమ్మిన తెలివి నాది. మొన్న అల్మారా సర్దుతుంటే, బాణం గుర్తులు అరిగిపోయిన పాత కీబోర్డు కనబడి అది గుర్తొచ్చింది.

మా నాన్నది పాశమైలారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. మా కాలనీలో ఎవరి ఉద్యోగమైనా ముందు ట్రైనింగ్, తర్వాతే పర్మనెంట్. ఆ వేసవి సెలవులకు మా ఇంటికొచ్చిన మేనబావ, కత్తియుద్ధాల ఆట రెండో పార్టు ముందు నుంచి లేచేవాడు కాదు. నేనూ ఆడతానంటే నింపాదిగా చెప్పాడు.

"మొదటి పార్టు ట్రైనింగ్‌రా. అది పూర్తి చేస్తెనే రెండోదాంట్ల పర్మనెంట్ చేస్తరు."

మొదటిదాంట్లో చస్తే మళ్లీ మొదటి నుంచే. బావ పడుకున్న మధ్యాహ్నాలన్నీ ఆడి, చచ్చీ చెడీ గెలిచాను. తీరా రెండోది చూస్తే, బొమ్మలు అందంగా ఉన్నాయి గానీ ప్రతి తలుపు దగ్గరా ఆట సేవ్ అవుతుంది, అడుగడుగునా మందుల పెట్టెలే. బావ నెలరోజులుగా దాటలేని వంతెనను ఒక్క పూటలో దాటాను. ఇప్పటికీ బల్లగుద్ది చెబుతాను, మొదటిదే గట్టిది.

ఈ ఆదివారం బావ వచ్చి, నేను తెచ్చుకున్న మూడో పార్టు చూశాడు.

"జెర ఇటియ్యరా, నేను గూడ ఆడుత."

మొదటి పార్టు పెట్టి, పాత కీబోర్డు ఆయన ముందుకు జరిపాను.

"ట్రైనింగ్ గాకుండ పర్మనెంట్ ఎట్ల చేస్తరు బావా?"