పద్మజ మేడమ్ ఆఖరి పది నిమిషాలు

మేడ్చల్ హైవే పక్కన, కింద టైల్స్ దుకాణం, దాని పైన మా జూనియర్ కాలేజీ. అందులో నేను సంస్కృతం చెబుతాను. అంటే, పిల్లలు నేర్చుకోరు, నేను నేర్పను, అందరికీ మార్కులు మాత్రం దండిగా వస్తాయి. ఇంత హాయైన ఉద్యోగం ఇంకోటి లేదు. నా పక్క కుర్చీలో కూర్చునే ఇంగ్లీషు లెక్చరర్ పద్మజ గారికి ఈ హాయి పడదు. పిల్లలకి ఇంగ్లీషు నిజంగా రావాలంటారు ఆవిడ. భీమవరం నుంచి వచ్చి నాగారంలో ఇల్లు కొనుక్కుని ఇన్నేళ్లయినా ఈ జబ్బు తగ్గలేదు.

మా ఇంగ్లీషు క్లాసుకి ఒక పద్ధతుంది. మేడమ్ రాగానే అందరూ లేచి "గుడ్ మార్నింగ్" అని సాగదీస్తారు. తర్వాత ముఖ్యమైన ప్రశ్నల కింద గీతలు గీసుకుని, జవాబులు కోరస్‌గా చదువుతారు. పాఠం ఎవరూ చదవరు, దానికి మార్కుల్లేవు కాబట్టి. లెక్కల సిలబస్ వెనకబడితే ఇంగ్లీషు పీరియడ్ వాళ్లకి పోతుంది. తల్లిదండ్రుల మీటింగుకి కుర్చీలు వేయాలన్నా ఇంగ్లీషు పీరియడే దొరుకుతుంది.

పద్మజ గారు వీటన్నిటికీ తలూపేవారు. ఆఖరి పది నిమిషాలు మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు. పుస్తకాలు మూయించి, "ఏదైనా అడగండి. తప్పులొచ్చినా పర్లేదు, ఇంగ్లీషులో అడగండి" అనేవారు. మొదట్లో ఒక్కరూ నోరు తెరవలేదు. ఒకరోజు శామీర్‌పేట నుంచి వచ్చే నిఖిల్ లేచాడు. వాళ్ల నాయిన పొలాలు ప్లాట్లు చేసి అమ్ముతూ, తీరిక దొరికితే రాజకీయాలు చేస్తాడు. "మేడమ్, వై యూ ఆర్ నాట్ షౌటింగ్?" అని అడిగాడు. మిగతా లెక్చరర్లందరూ అరుస్తారు కదా, వాడి సందేహం న్యాయమైనదే. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి పద్మజ గారికి జవాబులు చెప్పడానికి పది నిమిషాలు చాలలేదు.

ఆ నవ్వులు ప్రిన్సిపాల్ రఘునందన్ గారి గదిదాకా వెళ్లాయి.

"గిది క్లాసా, ఫంక్షన్ హాలా మేడం? గా పది నిమిషాలు ఫిజిక్స్‌కి ఇస్తే పోరగాళ్లు ఇంకో లెక్క జేస్తరు."

"వాళ్లు మాట్లాడుతున్నారు సార్. ఇప్పుడు ఆపేస్తే మళ్లీ నోరు తెరవరండీ."

"సరే, ఇగ ప్రాక్టికల్స్‌ల జూద్దాం. అందరికి ఫుల్ మార్కులొస్తే మీ పది నిమిషాలు మీయే. ఒక్కరికి తక్కువొచ్చినా ఫిజిక్స్‌కే."

ఇంగ్లీషు ప్రాక్టికల్ అంటే ఏదో ఒక సందర్భం తీసుకుని ఇద్దరు పిల్లలు బయటి ఎగ్జామినర్ ముందు మాట్లాడుకోవాలి. అప్పటికప్పుడు, సొంతంగా మాట్లాడాలని రూలు. సొంతంగా మాట్లాడేది ముందే బట్టీ పట్టించడం ఆనవాయితీ. పాపం, ఆ పది నిమిషాలు కాపాడుకోవడానికి పద్మజ గారు ఆ పది నిమిషాలే బలిపెట్టారు. జంటజంటకీ సంభాషణ రాసిచ్చి, ఎవరి సగం వాళ్లచేత వల్లెవేయించారు. నిఖిల్ రైల్వే స్టేషన్లో ప్రయాణికుడు. నాగారం నుంచి వచ్చే లిఖిత డాక్టరు. ఆ అమ్మాయి అడిగిందానికి తలూపడమే తప్ప నోరు విప్పి ఎరగదు.

పరీక్షరోజు ఎగ్జామినర్ గారు సమోసా తింటూ, తలెత్తకుండా మార్కులు వేసుకుంటూ పోయారు. పిల్లలు గడగడా అప్పజెప్పి వెళ్తున్నారు. అంతా సవ్యంగా ఉందనుకునేలోపు తెలిసింది, హాస్టల్లో అమ్మవారు పోసి నిఖిల్ జంటలో టికెట్ గుమాస్తా, లిఖిత జంటలో పేషెంటు ఇద్దరూ రాలేదని. మిగిలిన ఈ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. ఒకరి సంభాషణ ఇంకొకరికి రాదు.

"వెన్ విల్ ద ట్రైన్ కమ్?" అన్నాడు నిఖిల్.

"త్రీ టైమ్స్ ఎ డే, ఆఫ్టర్ ఫుడ్" అంది లిఖిత.

ఎగ్జామినర్ గారు రాసుకుంటూనే తలూపారు. అక్కడితో ఊరుకుని ఎవరి సగం వాళ్లు చదివేసుంటే ఫుల్ మార్కులే. కానీ నిఖిల్‌కి నవ్వాగలేదు. "డాక్టర్, యువర్ ట్రైన్ ఈజ్ ఈటింగ్ ఫుడ్?" అన్నాడు.

లిఖిత అలవాటుగా తలూపబోయి ఆగింది. తర్వాత, "నో, ఈటింగ్ ప్యాసింజర్స్. యూ ప్లీజ్ వెయిట్ అవుట్‌సైడ్" అంది.

ఇక అక్కడి నుంచి ఆగలేదు. రైలుకి జ్వరమొచ్చింది, బోగీకి ఇంజెక్షన్ పడింది. ఎగ్జామినర్ గారు ఆ రోజు మొదటిసారి తలెత్తి, సమోసా పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వారు. తలుపు దగ్గర నా పక్కన నిలబడ్డ పద్మజ గారు కళ్లు తుడుచుకున్నారు. ఎన్నడూ లేనిది నాకూ సంతోషం పొంగుకొచ్చింది.

నవ్వు అయ్యాక ఆయన మళ్లీ పెన్ను తీశారు. "అద్భుతంగా మాట్లాడారు మేడమ్. కానీ ఒక సందర్భానికి కట్టుబడలేదు కదా" అని ఇద్దరికీ మార్కులు తగ్గించారు. బట్టీ పట్టినవాళ్లందరికీ ఫుల్.

సోమవారం నుంచి ఆ పది నిమిషాల్లో ఫిజిక్స్ శ్రీనివాస్ అరవడం మొదలైంది. పద్మజ గారిని, నన్ను అడ్మిషన్ల కోసం సూరారంలో ఇల్లిల్లూ తిరగమని తోలారు. చేతిలో కరపత్రాలు. వాటి మీద పద్మజ గారి ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో "ఇంగ్లీషు సంభాషణకు ప్రత్యేక తరగతులు". మా ప్రిన్సిపాల్ గారికి సిగ్గనేది ఎప్పుడో సిలబస్‌లోంచి తీసేసినట్టున్నారు.

అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే సత్యమ్మ అనే ఆవిడ తన గుమ్మంలో నిలబడి ఫోటోని, మేడమ్‌ని మార్చిమార్చి చూసింది. కూతురు హర్షిత పది చదువుతోంది.

"గీ ఫోటోల మీరే గద మేడం? మా పోరికి మార్కులు మస్తు వస్తయి గని, నలుగురి ముంగట నోరు లేస్తలేదు. మీ కాలేజిల ఏస్తే మీరే మాట్లాడిపిస్తరా?"

'తప్పకుండా' అనడం నా వృత్తి. నేను అనేలోపే పద్మజ గారు కరపత్రం మడిచేశారు.

"లేదమ్మా. ఆ క్లాసు నాకు తీసేశారు."

నా గుండె జారిపోయింది. ఈ మాట ప్రిన్సిపాల్ చెవిన పడితే ఆవిడ ఉద్యోగమూ జారిపోతుంది. సత్యమ్మ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"ఆడ లేకపోతే లేదు తియ్యండ్రి. ఈడ ఉన్నరు గద, కూసోండ్రి. హర్షితా, జల్దీ రా!"

పద్మజ గారు సంచీ కింద పెట్టి కూర్చున్నారు. తలుపు చాటు నుంచి పిల్ల మెల్లగా వచ్చి నిలబడింది.

"ఏదైనా అడుగమ్మా. తప్పులొచ్చినా పర్లేదు."

అంతలో ఫోన్ మోగింది. ఎంతమంది చేరారని రఘునందన్ గారు. పద్మజ గారు పిల్ల ముఖం మీంచి చూపు తిప్పకుండా, "తర్వాత చేయండి సార్. క్లాసులో ఉన్నాను" అని పెట్టేశారు.