ఎడమ భుజం కొలత

పదవీ విరమణకు నాలుగేళ్లు ఉందనగా, ఒక జూలై మొదటి వారంలో నన్ను ఇబ్రహీంపట్నం బదిలీ చేశారు. తెలంగాణ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. నా హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్. పేరు పెద్దదే గాని పని కుట్టు నేర్పడం. అద్దె భవనంలో నడిచే ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో డ్రెస్ మేకింగ్ అనే ఏడాది కోర్సుకు నేను శిక్షకురాలిని. నా పైన ప్రిన్సిపాల్ ఒక్కరే. నా కింద ఎవరూ లేరు. మిషన్లకు నూనె వేయడం, సూదుల లెక్క చూడడం కూడా నా పనే.

నేను పెళ్లి చేసుకోలేదు. అంతకుముందు చలికాలంలోనే మా అమ్మ పోయింది. బదిలీకి ఏ ఊరు కావాలో రాయమని ఇచ్చిన కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మేడ మీద రెండు గదులు దొరికాయి. ఐదింటికి క్లాసు అయిపోతే మర్నాడు పొద్దున దాకా నాతో మాట్లాడేవాళ్లు లేరు. టీవీ పెట్టుకునేదాన్ని. కథ వినేదాన్ని కాదు, సౌండు బాగా తగ్గించి బట్టలు చూసేదాన్ని. అత్త జాకెట్టుకు మెడ ఎట్లా కోశారు, కోడలి చేతి దగ్గర కుచ్చు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ పెన్సిల్‌తో ఒక నోటు పుస్తకంలో గీసుకునేదాన్ని. ఊళ్లో దర్జీల దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఫోనులో సీరియల్ బొమ్మ చూపించి, ఇట్లాంటిదే కావాలని అడిగే రోజులవి. అయినా ఆ పుస్తకం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల సర్వీసున్న శిక్షకురాలు సీరియల్ చూసి బొమ్మలు గీస్తుందంటే చిన్నతనంగా ఉంటుందనుకున్నాను.

ఆ ఏడాది బ్యాచ్‌లో ఇరవై ఒక్క మంది అమ్మాయిలు. మా పనిలో మొదటి పాఠం కొలతలు. ఇద్దరిద్దరు జతగా నిలబడి ఒకరి కొలతలు ఒకరు తీస్తారు. మిగిలిన ఒక్కరి కొలతలు నేను తీయాలి. అట్లా మిగిలిన అమ్మాయి పేరు ఫర్హానా. కోహెడ దాటి లోపలికి ఉన్న ఊరు. రెండు బస్సులు మారి వచ్చేది. చివరి వరుసలో గోడ పక్క మిషన్ దగ్గర కూర్చునేది. దుపట్టా రెండు భుజాల మీదుగా పరిచి, పిన్నులు పెట్టుకుని ఉండేది. అడిగితే జవాబు చెప్పేది, అడగకపోతే లేదు. కొలతల పాఠం రోజు ఆమె రాలేదు. మర్నాడు వచ్చి తన కొలతలు తనే తీసుకున్నానని కాగితం ఇచ్చింది. నేను అందులోంచి కుడి పక్క అంకెలు రికార్డులో ఎక్కించుకుని సరిపెట్టాను.

ఇక్కడ పని పద్ధతి కొంచెం చెప్పాలి. ఒంటి కొలతలో సగమే కాగితం మీద గీస్తాం. బట్టను మధ్యకు మడిచి, ఆ కాగితం మీద పెట్టి కోస్తే రెండు పక్కలూ ఒకేసారి తెగుతాయి. కుడి ఎట్లాగో ఎడమ అట్లాగే అన్న నమ్మకం మీద నడిచే పద్ధతి. పుస్తకాల్లో అదే ఉంది, నేనూ అదే నేర్పాను.

సంక్రాంతి సెలవుల తర్వాత ప్రాజెక్టు పని మొదలైంది. ప్రతి అమ్మాయీ తన ఒంటికి ఒక దుస్తు కుట్టుకుని, పరీక్ష రోజు వేసుకుని నిలబడాలి. ముందుగా బొమ్మ గీసి నాకు చూపించాలి. ఫర్హానా తెచ్చిన బొమ్మలో మోకాళ్ల దాకా ఒక కోటు ఉంది. మెడ పట్టీ నిటారుగా నిలబడి ఉంది. ఒక భుజం మీద మాత్రం మోచేతి వరకు జారే పొట్టి పై వస్త్రం. ఎక్కడిదని అడిగాను. ఫోనులో చూసే జపాన్ కార్టూన్‌లో ఒక అమ్మాయి వేసుకుంటుందని మెల్లగా చెప్పింది.

ముందు వరుసలోని స్రవంతి తొంగి చూసి నవ్వింది. "ఏందే, సర్కస్‌ల చేరుతవా?" అంది. మిగతావాళ్లూ నవ్వారు.

నేను నవ్వలేదు గాని అంతకంటే పెద్ద తప్పు చేశాను. టీవీలో ఫోనులో చూసినవి కుట్టడానికి ఇక్కడికి రాలేదనీ, సిలబస్‌లో ఉన్న కమీజ్ కుట్టమనీ అందరి ముందూ చెప్పాను. ఆ సాయంత్రం కూడా ఇంటికి పోయి యథాప్రకారం సీరియల్ పెట్టుకున్నాను.

ఆమె నేను నేర్పినట్టే బట్టను మడిచి కోసి కమీజ్ కుట్టింది. ఫిట్టింగ్ రోజు వేసుకుని నిలబడింది, పైన దుపట్టా అట్లాగే ఉంది. తీయమంటే సగం తీసింది. మెడ ఒక పక్కకు లాగుతోంది. ఎడమ చంక దగ్గర ఏటవాలుగా ముడతలు. కోతలో బ్యాలెన్స్ తప్పిందని చెప్పి, విప్పి మళ్లీ కుట్టమన్నాను. రెండోసారీ అదే లోపం. మూడోసారి కూడా అదే వచ్చేసరికి నాకు విసుగు వచ్చింది. శ్రద్ధ లేని చేతికి కత్తెర ఇస్తే ఇట్లాగే ఉంటుందని బల్ల ఇవతలి నుంచే అన్నాను. ఏటవాలు ముడత భుజం కొలత తప్పిందనడానికి గుర్తని ఆ క్లాసులో పాఠంగా చెప్పేది నేనే. ఆ రోజు ఆ పాఠం నాకే గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి ఫర్హానా రాలేదు.

వారం గడిచింది, మూడు వారాలు గడిచాయి. హాజరు తగ్గితే కోర్సు చివర జరిగే ట్రేడ్ పరీక్షకు హాల్ టికెట్ రాదు. ఎవరెవరికి ఎంత తగ్గిందో చూసి ప్రిన్సిపాల్‌కు జాబితా ఇవ్వాలి కాబట్టి రికార్డు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఫర్హానా పుస్తకం చివరి పేజీలు నిండా బొమ్మలున్నాయి. ఆ కోటే, ముందు నుంచి, వెనక నుంచి. దాని పక్కన కోత కాగితం లెక్క. కుడి భాగం వేరుగా, ఎడమ భాగం వేరుగా గీసి ఉన్నాయి. కుడి భుజం వాలు ఒక అంకె. ఎడమది దాని కంటే ఇంచున్నర ఎక్కువ. పొట్టి పై వస్త్రం ఎడమ వైపు పెట్టి, దాని కింద భుజానికి ఎంత మందం ప్యాడ్ వేయాలో కూడా రాసుకుంది. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆమె ఎడమ భుజం కిందికి ఉందని, ఏడు నెలలు ఎదురుగా నిలబడి పాఠం చెప్పిన నాకు కాగితం చూస్తే గాని తెలియలేదు.

ఆ ఆదివారం పొద్దున నా సీరియల్ బొమ్మల పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దాన్నెందుకు తీసుకుపోయానో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు.

ఫర్హానా తండ్రి బోరు మోటార్లకు రాగి తీగ చుట్టేవాడు. ఇంటి ముందు రేకుల కింద పని చేసుకుంటున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ తుడిచి వేశాడు.

"మా బిడ్డ ఏమన్న తప్పు జేసిందా మేడం?" అని అడిగాడు.

తప్పు నాదేనని చెప్పాను. ఆయన చేతిలో తీగ చుట్ట పక్కన పెట్టాడు.

"పుట్టినప్పటి సంది ఎన్నుపూస జర ఒంకర, గందుకే ఒక బుజం కిందికుంటది. దవాఖానల సూపిచ్చినం. నొప్పి లేదు ఏం లేదు, ఫికర్ చెయ్యకుర్రి అన్నరు. ఆమెనే నలుగుర్ల తిరగది. పెండ్లిళ్లకు రాదు, పక్కింటికి పోదు. ఫోన్ల ఆ బొమ్మల సీన్మాలు సూస్కుంట కూసుంటది. మీ తాన కుట్టు నేర్వనీకె పోత అన్ననాడు నేను మస్తు ఖుష్ అయిన."

ఫర్హానా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇంట్లో కాబట్టి దుపట్టా పిన్నులు లేవు. నేను క్షమాపణ చెప్పే బదులు సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఇచ్చాను. ఆమె నేల మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది.

"ఇవన్ని మీరే గీసిన్రా మేడం?"

అవునన్నాను.

"రోజూ సూస్తరా?"

"రోజూ చూస్తా. ఇంట్ల ఇంకెవరు లేరు" అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఆమె తల ఊపింది. కొన్ని పేజీలు తిప్పి, ఒక జాకెట్టు చేతి బొమ్మ మీద వేలు పెట్టింది. ఆ చేయి కోత నాకు నెల రోజులుగా కుదరలేదు.

"ఇది ఇట్ల రాదు మేడం. గుడ్డ నిలువుకు గాదు, ఏటవాలుకు కోసిన్రు. గందుకే గట్ల జారుతుంది."

ఆమె చెప్పింది నిజమే. నేను పెన్సిల్ అడిగి తీసుకుని అక్కడికక్కడే దిద్దుకున్నాను. తర్వాత, ఆ జపాన్ కార్టూన్ అమ్మాయిలో ఆమెకు అంత నచ్చింది ఏమిటని అడిగాను. ఊరూరా తిరిగి రైల్వే స్టేషన్ల గడియారాలు బాగు చేసే అమ్మాయి అట.

"ఆమెకు దోస్తులు లేరు. ఒక్కతే వస్తది, పని జేస్తది, పోతది. కానీ గా కోటు ఏస్కొని వస్తే అందరు తిరిగి సూస్తరు. భుజం మీద గుడ్డ ఆమెకు దాసుకునేతందుకు గాదు మేడం. గదే ఆమె గుర్తు." ఎడమ భుజం మీద దుపట్టా సర్దుకుంది. "నేనైతే దాసుకుంటున్న."

కోటే కుట్టమని చెప్పాను. సోమవారం ఆమె క్లాసుకు వచ్చింది.

ప్రాజెక్టు మార్చడం నా చేతిలో పనే. హాజరు మాత్రం కాదు. ప్రిన్సిపాల్ కఠినమైన మనిషి, చెడ్డవాడు కాదు. ఆరోగ్య కారణం మీద హాజరు మినహాయింపు ఇవ్వవచ్చని, భుజం సంగతి రాయించి డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని సలహా ఇచ్చారు. సులువైన దారి. అదే ఫర్హానాకు చెప్పాను.

"నాకు రోగం లేదు మేడం. నేను గందుకు ఆగలే. మీరు గా మాట అన్నందుకు ఆగిన. సర్టిఫికెట్ తేను" అంది. గొంతు పెంచలేదు, కళ్లు దించలేదు.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు కార్యాలయ పద్ధతిలో ఒక వివరణ రాశాను. ట్రైనీ శరీర కొలతలు శిక్షకురాలు స్వయంగా తీయలేదనీ, ఫిట్టింగ్‌లో వచ్చిన లోపాన్ని ట్రైనీ అశ్రద్ధగా పొరబడి నలుగురిలో మందలించినందువల్ల ఆమె రావడం మానిందనీ, ఆ గైర్హాజరుకు బాధ్యత శిక్షకురాలిదేననీ రాసి సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇది పైకి పంపితే మీకు మెమో వస్తుంది. సర్వీసు చివర్లో ఎందుకు మేడం?"

"పంపండి సార్" అన్నాను.

మినహాయింపు వచ్చింది. మెమో కూడా వచ్చింది. మెమో అంటే తప్పు ఎత్తిచూపుతూ ఇచ్చే కాగితం. నా ఫైలులో అదొక్కటే ఉంది.

మిగిలిన ఆరు వారాలు ఫర్హానా కోటు పని చేసింది. ముదురు నీలం సూటింగ్ గుడ్డ, లోపల నల్ల అస్తరు. బట్టను మడవకుండా పరిచి, కుడి వేరుగా ఎడమ వేరుగా కోసింది. ఎడమ భుజం కొలత ఆమె ముందు నేను తీశాను. ఆమె రాసుకున్న అంకెకూ నా అంకెకూ తేడా రాలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది. ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమె ఫోనులో కార్టూన్ పెట్టేది. జపాన్ భాష ఆమెకూ రాదు, నాకూ రాదు. ఇద్దరం బట్టలు చూసేవాళ్లం. ఒక్కోసారి ఏదైనా కుట్టు కనిపిస్తే ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేవాళ్లం. ఇబ్రహీంపట్నంలో నేను ఇంకొకరి పక్కన కూర్చుని తిన్న భోజనాలు అవే.

పరీక్ష రోజు పరీక్షకురాలు వేరే జిల్లా నుంచి వచ్చారు. అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు. ఫర్హానా కోటు తొడుక్కుని, దుపట్టా తల చుట్టూ మాత్రం కట్టుకుని నిలబడింది. మెడ పట్టీ సరిగ్గా మధ్యలో ఉంది. వెనక నిలువు కుట్టు తిన్నగా నేలకు దిగింది. పరీక్షకురాలు ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగి, చంక దగ్గర వేలితో నొక్కి చూసి, దీని కోత కాగితం ఎవరు గీశారని నన్ను అడిగారు. ఆమెనే అడగమన్నాను. ఫర్హానా కుడి, ఎడమ కాగితాలు రెండూ బల్ల మీద పరిచి, ఎడమ భుజం ఇంచున్నర దిగువన ఉందని చెప్పి, లెక్క మొత్తం వివరించింది. ఆమె అంతసేపు మాట్లాడడం మా క్లాసులో అంతకుముందు ఎవరూ వినలేదు. బయటికి వచ్చాక స్రవంతి ఆమె దగ్గరికి పోయి, మెడ పట్టీ నిలబడడానికి లోపల బక్రం గుడ్డ ఎన్ని పొరలు వేశావని అడిగింది. ఫర్హానా చెప్పింది. అంతే, తర్వాత ఎవరి బస్సుకు వాళ్లు పోయారు.

ఫలితాలొచ్చాక సర్టిఫికెట్ తీసుకోవడానికి ఆమె ఒకసారి వచ్చింది. ఆ రోజు నేను సమావేశానికని నగరానికి పోయాను. కలవలేదు. ఏడాది తర్వాత ఆమె తండ్రి ఫోన్ చేశాడు. సీరియళ్లకు, నాటకాలకు బట్టలు కుట్టే ఒక యూనిట్‌లో పని దొరికిందని, అక్కడే హాస్టల్‌లో ఉంటుందని చెప్పాడు. నంబరు ఇచ్చాడు. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. పనిలో ఉంటుందనుకుని మూడోసారి చేయలేదు. ఆమె కూడా చేయలేదు.

నేను పదవీ విరమణ చేసి నాదర్‌గుల్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నాను. సాయంత్రాలు ఇప్పటికీ టీవీ ఉంటుంది. సీరియల్‌లో ఎవరి భుజం మీదైనా కోత కొత్తగా కనిపిస్తే, దీన్ని ఎవరు కుట్టి ఉంటారా అని చూస్తాను. కుట్టినవాళ్ల పేర్లు తెర మీద వేయరు.

ఆ సంఘటన తర్వాత నాకు మూడు బ్యాచ్‌లు మిగిలాయి. మూడింటికీ కొలతల పాఠం మార్చాను. ప్రతి అమ్మాయికీ రెండు భుజాలూ వేర్వేరుగా కొలిపించి, వేర్వేరు గడుల్లో రాయించాను. సిలబస్‌లో అది లేదు. రెండు భుజాలూ అచ్చంగా ఒకే కొలతకు వచ్చిన అమ్మాయిలు ప్రతి బ్యాచ్‌లోనూ తక్కువమందే. ఆ తేడా ఎవరికీ బయటికి కనిపించదు, టేపు పెడితేనే తెలుస్తుంది. ఫిట్టింగ్ చెడినప్పుడు ముందు నా కొలత సరిచూసుకున్నాకే కుట్టిన పిల్లను మాట అనాలని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత నేర్చుకున్నాను. ఆలస్యమే.