మాఘంలో ధర పలికిన ఎర్ర కారు

రండి, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో అనపకాయలుంటే వలుస్తూనే వినొచ్చు.

1956లో నేను కర్నూలులో మహబూబ్ సాయిబు గారి పాత కార్ల షెడ్డులో ఉండేవాణ్ణి. కొనబోయే బండిని ముందుగా చూసి సరేననడం నా ఉద్యోగం. బండి ఎంత తిరిగిందో చూపే మీటరును వెనక్కి తిప్పే ఘనులు అప్పుడూ ఉన్నారు. అందుకని బ్రేకు పెడలు మీది రబ్బరు అరిగిందా, డ్రైవరు సీటు కుంగిందా అని చూసేవాణ్ణి.

ఆ యేడు రాజధాని హైదరాబాదుకు తరలిపోతుంటే, ఒక కాంట్రాక్టరు తన ఎర్ర స్పోర్ట్స్ కారును అమ్మకానికి పెట్టాడు. పైకప్పు లేదు, సీట్లు రెండే. పెడలు రబ్బరు మీద గీతలు కూడా చెరగలేదు, అంత తక్కువ తిరిగిన బండి. కళ్ళు మూసుకుని కొనొచ్చన్నాను. సాయిబు గారు కొన్నారు. కొన్నాళ్ళకే అలాంటి బండెక్కే దొరలంతా హైదరాబాదు చేరారు. కారు మాత్రం మా షెడ్డులో మిగిలింది.

చూసిపోయేవాళ్ళకు కొదవలేదు. "ఇన్ని దుడ్లు పోస్తే ఇద్దరికేనా? మా ఇంట్లో తక్కినోళ్ళు యాడ కూచోవల్లప్పా, చక్రాల మీదనా?" అని కోసిగి రైతు ఒకాయన నవ్వాడు. ధర దిగుతూ పోయింది. సాయిబు గారు కోప్పడలేదు. టీ తాగుతూ, "నారాయణా, ఉగాదికి ఈడ ఈ బండన్నా ఉండల్ల, నువ్వన్నా ఉండల్ల" అన్నారు.

మాఘమాసంలో మైదుకూరు నుంచి ఓబుల్‌రెడ్డి అనే రైతు జీపు కోసం వచ్చాడు. కూతురి పెళ్ళి దగ్గరపడింది. ఎర్ర కారు చుట్టూ తిరిగి, "ఇద్దరే కూచుంటారు, పైన కప్పు లేదు, ఊరంతా చూడొచ్చు. మెరవణికి ఇంతకన్నా ఏం కావల్ల?" అన్నాడు. మెరవణి అంటే మా వైపు వధూవరుల ఊరేగింపు. అది బాగా జరిగితే కారు కొంటానన్నాడు. మైదుకూరుకు నేనే నడుపుకుంటూ పోయాను.

ముందు మేళం, వెనక కారు, నెత్తిన ఎండ. వేగానికి కట్టిన ఇంజనును నడక వేగంతో నడిపితే రేడియేటరుకు గాలి తగలదు. ఆ సంగతి మేళగాళ్ళకేం తెలుసు? ఇంటింటి ముందూ నిలబడి వాయించారు. బజారు మలుపులో నీళ్ళు మరిగి ఆవిరి లేచింది. "ఏమప్పా, బండిలోనే బువ్వ వండుతాండావా?" అని పెళ్ళికొడుకు మేనత్త అడిగింది. అంతవరకూ తలొంచుకున్న పెళ్ళికూతురు పకపకా నవ్వింది. ఇంజను ఆపేశాను. దాంతోపాటు నా ఉద్యోగమూ ఆగిందనుకున్నాను.

పెళ్ళికొడుకు స్నేహితులు చొక్కా చేతులు మడిచి కారును తోశారు. ఇంజను చప్పుడు లేకపోయేసరికి సన్నాయి ఇంపుగా వినిపించింది. కడప నుంచి పందిళ్ళు వేయడానికి వచ్చిన దస్తగిరి కారు వెంబడే నడుస్తూ, "పెట్రోలు కూడా అక్కరలేదు. తోసేటోళ్ళు ప్రతి పెండ్లిలోనూ ఉంటారు. అద్దెకు తిప్పుకుంటా, ధర చెప్పన్నా" అన్నాడు.

అది ఓబుల్‌రెడ్డి చెవిన పడింది. "యోవ్, నా బిడ్డ ఎక్కిన బండిని నా ముందరే బేరమాడతావా?" అంటూ వచ్చాడు. ఇద్దరూ పోటీపడి ధర పెంచారు. చివరికి మేం కొన్నదానికన్నా పై ధరకు దస్తగిరికే దక్కింది. ఉగాదికి షెడ్డులో నేనున్నాను.

తక్కువ తిరిగిందన్నంత మాత్రాన బండికి ధర నిలవదు. దానితో పనిబడేవాళ్ళు ఊళ్ళో ఉండాలి. అప్పటి నుంచి స్పోర్ట్స్ కార్లను పెళ్ళి ముహూర్తాలు లేని ఆషాఢంలో కొని, మాఘంలో అమ్మేవాళ్ళం. నేను మీటరుతో పాటు పంచాంగమూ చూడటం నేర్చుకున్నాను.

మీ ఇంట మెరవణి లేచిననాడు బండి కాగకుండా గడప చేరాలి. ఒకవేళ కాగినా, తోసే చేతులు మీకు నిండుగా ఉండాలి.